బ్లెన్‌హైమ్ వంతెనలో గదులు నీళ్ళలో ఎందుకు మునిగాయి?

పాతకోటలు:
ఇంగ్లండులో వుడ్‌స్టాక్ దగ్గరున్న బ్లెన్‌హైమ్ భవనం మార్ల్‌బరో డ్యూకుల వంశానిది కదా. అక్కడి చెరువు మీది పెద్ద వంతెనలో ముప్పైకి పైగా గదులున్నాయనీ, కింది గదులు నీళ్ళలో ఉన్నాయనీ చదివాను. వంతెన కుంగిందా? భవనం కట్టినవాళ్ళే చెరువూ తవ్వించారా?

అలుగు:
వంతెన కుంగలేదు, నీరే పైకొచ్చింది. చెరువు కూడా తవ్వింది కాదు, లోయకు అడ్డంగా కట్ట వేసి నిలిపింది. వంతెనకీ చెరువుకీ మధ్య యాభై ఏళ్ళకు పైగా తేడా ఉంది.

1704లో ఫ్రెంచివాళ్ళ మీద బ్లెన్‌హైమ్ యుద్ధం గెలిచినందుకు ఆన్ రాణి వుడ్‌స్టాక్ రాచ ఎస్టేటును మొదటి డ్యూక్ జాన్ చర్చిల్‌కి రాసిచ్చింది. మరుసటి ఏడు శంకుస్థాపన. వాస్తుశిల్పి జాన్ వాన్‌బ్రా 1708లో వంతెన మొదలుపెట్టేనాటికి కింద ఉన్నది గ్లైమ్ అనే చిన్న వాగు, దాని చుట్టూ బాడవ నేల. దాని మీద నడి కమాను ఒక్కటే 101 అడుగులు. ఇంత వాగుకి అంత వంతెనేమిటని డ్యూక్ భార్య, డచెస్ సారా ఒప్పుకోలేదు. 1716లో ఆవిడతో చెడి వాన్‌బ్రా పని వదిలేసి వెళ్ళిపోయాడు. వంతెన నెత్తిన ఆయన కట్టాలనుకున్న పై కట్టడం రానేలేదు. 1720ల్లో సారా ఆ వాగును కాలువలుగా తీయించింది. అప్పటికీ గదులు పొడిగానే ఉన్నాయి.

1760ల్లో నాలుగో డ్యూక్ తోటల రూపశిల్పి లాన్సెలాట్ బ్రౌన్‌ని పనిలో పెట్టుకున్నాడు. బ్రౌన్ దిగువన, బ్లేడన్ ఊరి వైపు కట్ట వేశాడు. నీరు వెనక్కి ఎక్కి కాలువలు పోయాయి, వంతెన కాళ్ళు మునిగాయి, కింది గదులూ మునిగాయి. పొర్లిన నీటిని బండల మీదుగా జలపాతంలా దింపాడు. మన లెక్కలో అది అలుగే.

రేగడి:
కట్ట సంగతి కొంచెం చెబుతాను. ఆ కాలపు కట్టల్లో నీరు ఆపేది బంకమట్టి. గట్టి నేల తగిలేదాకా కందకం తీసి, బంకమట్టిని నీళ్ళతో మెత్తగా పిసికి, పలచటి పొరలుగా వేసి, ప్రతి పొరనూ తొక్కి దిమ్మిస కొట్టేవారు. ఒక పొర ఆరిపోయాక పై పొర వేస్తే అతుకు పడదు, ఊట అక్కడే మొదలవుతుంది. చెరువు దించేసి ఎక్కువ రోజులు ఎండనిచ్చినా మట్టి పగులుతుంది. కట్ట మీద పెద్ద చెట్టు చచ్చిపోతే కుళ్ళిన వేళ్ళ బొరియల వెంట నీరు దారి చేసుకుంటుంది. కట్ట కింద ఊరే నీరు తేటగా ఉంటే కనిపెట్టుకుని ఉండొచ్చు. బురదగా మారిందంటే లోపల కోత పడుతున్నట్టే, ఆలస్యం చేయకూడదు.

రెండో జబ్బు పూడిక. గ్లైమ్ ముందు వంతెనకు ఎగువనున్న క్వీన్ పూల్ అనే చెరువు భాగంలోకి దిగుతుంది. నెమ్మదించిన నీరు ఒండ్రును అక్కడే వదిలేస్తుంది.

దస్తావేజు:
చూడ్డానికి వెళ్ళేవాళ్ళు ఒక పొరపాటు పడతారు. భవనం పడమటి వైపు కొలనులూ ఫౌంటెన్లూ ఉన్న మెట్ల తోట మొదటి డ్యూక్ నాటిది అనుకుంటారు. అది 1920ల్లో తొమ్మిదో డ్యూక్ ఫ్రెంచి తోటల రూపశిల్పి అషీల్ దుషేన్ చేత వేయించింది. మొదట్లో ఉన్న, గీతలు గీసినట్టు కొలతల ప్రకారం వేసిన తోటను బ్రౌన్ తీసేసి గోడలదాకా పచ్చిక పరిచాడు.

ఎస్టేటుకు శిస్తు కూడా ఉంది. ఏటా ఆగస్టు 13న, యుద్ధం గెలిచిన రోజున, లిల్లీ పూల గుర్తున్న ఫ్రెంచి జెండా నకలు ఒకటి విండ్సర్ కోటలో రాజుకు సమర్పించాలి. మన జమీందారులు సర్కారుకు కట్టిన పేష్కష్‌తో పోల్చొచ్చుగానీ, ఇక్కడ డబ్బు లేదు, జెండా ఒక్కటే.

పాతకోటలు:
చాలా బాగా తెలిసింది. మునిగిన గదుల్లో ఏమైనా మిగిలిందా?

అలుగు:
మిగిలింది. కొన్నేళ్ళ క్రితం వంతెన మరమ్మతు కోసం చెరువు మట్టం దించి, పడవ మీద లోపలికి వెళ్ళి చూశారు. మెట్లు ఉన్నాయి, గోడల గిలాబా ఉంది. నీరు రాకముందు ఎవరో గోడల మీద గీసిన 1760ల నాటి రాతలు కూడా అలాగే ఉన్నాయి.