రిఫండ్ ఆగినా, డిమాండ్ వచ్చినా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయడం వల్ల ఒరిగేదేమైనా ఉందా?

పద్దుపుస్తకం

ఆదాయపు పన్ను రిటర్ను వేశాక రిఫండ్ రాకపోతేనో, ఎదురు బాకీ (డిమాండ్) చూపిస్తూ 143(1) ఇంటిమేషన్, అంటే శాఖ రిటర్ను ప్రాసెస్ చేసి పంపే లెక్క, వస్తేనో చాలామంది ముందు హెల్ప్‌లైన్ నంబరు వెతుకుతారు. ఒకటి నొక్కాలి, రెండు నొక్కాలి, సంగీతం వినాలి, చివరికి "ప్రాసెస్‌లో ఉందండీ, కొన్నాళ్లు ఆగండి" అనిపించుకోవాలి. మళ్లీ చేస్తే ఇంకొకరు ఎత్తుతారు, కథంతా మొదటికొస్తుంది.

నా వాదన ఇదీ: డబ్బు లెక్క తేలాల్సిన ఏ విషయానికీ ఫోన్ చేయొద్దు. ఎత్తినవాళ్లను తప్పుపట్టడం లేదు. వాళ్లు పన్ను లెక్క తేల్చే అసెసింగ్ ఆఫీసర్లు కారు, ఆర్డరులో ఒక్క అంకె మార్చే అధికారం వాళ్లకు లేదు. సెక్షన్ 154 (రెక్టిఫికేషన్) కింద ఏ సవరణ జరిగినా అది రాతపూర్వకమైన ఆర్డరుగానే రావాలని చట్టంలోనే ఉంది. ఫోన్‌లో గంటసేపు ఒప్పించినా ఆ ఆర్డరు పుట్టదు.

నిలువుగీత

లెక్క మారదన్నది నిజం. కానీ ఫోన్ పనే అది కాదు కదండీ. ఎక్కడ ఆగిందో తెలుసుకోవడానికి ఫోన్ పనికొస్తుంది. జనం అడిగే తీరులోనే ఉంది చిక్కంతా. "నా రిఫండ్ ఎప్పుడొస్తుంది?" అంటే ఎవరూ తేదీ చెప్పలేరు. రిటర్ను వేసిన ఆర్థిక సంవత్సరం ముగిశాక 9 నెలల వరకు ఇంటిమేషన్ పంపడానికి శాఖకు గడువుంది. అందుకే ఆగమంటారు. అలా కాకుండా ఇలా అడగండి: రిటర్ను ప్రాసెస్ అయిందా? రిఫండ్ బ్యాంకుకు పంపారా? పంపితే ఏ కారణంతో వెనక్కి వచ్చింది? పాత బాకీ కింద రిఫండ్‌ను జమకట్టుకునే సెక్షన్ 245 సర్దుబాటు ఏమైనా పెండింగ్‌లో ఉందా? వీటికి సూటిగా జవాబు వస్తుంది.

చేసేముందు పాన్, పుట్టినతేదీ, 15 అంకెల అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు, ఇంటిమేషన్ పీడీఎఫ్ ఎదురుగా పెట్టుకోండి. పీడీఎఫ్ తెరుచుకోవడం లేదంటారు చాలామంది. దాని పాస్‌వర్డ్ చిన్న అక్షరాల్లో పాన్, వెంటనే రోజు, నెల, సంవత్సరం వరుసలో పుట్టినతేదీ, మధ్యలో ఖాళీ లేకుండా. సంవత్సరం చెప్పేటప్పుడు కూడా జాగ్రత్త. 2024-25లో సంపాదించినదానికి అసెస్‌మెంట్ ఇయర్ 2025-26. మీరు ఒకటనుకుని ఇంకోటి చెబితే అవతలివాళ్లు వేరే ఏడాది రిటర్ను తెరిచి దాని సంగతి చెబుతారు. "పోయినసారి ఒకటి చెప్పారు, ఈసారి ఇంకోటి చెబుతున్నారు" అన్న ఫిర్యాదుల్లో కొన్ని ఇలా పుట్టినవే.

పద్దుపుస్తకం

మీరు రాసిన ఆ నాలుగు ప్రశ్నల జవాబులూ పోర్టల్‌లోనే ఉన్నాయి. లాగిన్ అయి ఈ-ఫైల్ మెనూలో వేసిన రిటర్నులు తెరిస్తే ప్రతి దశా తేదీతో కనిపిస్తుంది. రిఫండ్ వెనక్కి వెళ్లిందంటే ఎక్కువగా బ్యాంకు ఖాతా వ్యవహారమే: ఖాతా పోర్టల్‌లో ముందుగా ధ్రువీకరణ (ప్రీ-వ్యాలిడేట్) కాలేదు, విలీనం తర్వాత ఐఎఫ్‌ఎస్‌సీ మారింది, పాన్‌లో పేరూ ఖాతాలో పేరూ కలవలేదు. ముందు ఖాతా సరిచేసి మళ్లీ వ్యాలిడేట్ చేయాలి, ఆ తర్వాతే సర్వీసెస్‌లో రిఫండ్ రీఇష్యూ అభ్యర్థన పెట్టాలి. ఈ వరుస తప్పితే మళ్లీ ఫెయిలవుతుంది. రిఫండ్‌పై నెలకు 0.5 శాతం వడ్డీ వస్తుందన్న ధీమాతో కూర్చోవద్దు. మన వల్ల జరిగిన ఆలస్యానికి 244ఏ కింద వడ్డీ ఇవ్వరు. రిఫండ్ మొత్తం తేలిన పన్నులో 10 శాతం లోపైతే అసలు వడ్డీయే లేదు.

టీడీఎస్_ఆరా

మీరిద్దరూ తేలిక కేసులే మాట్లాడుతున్నారు. ఫోన్ మీద జనం విసిగిపోయేది టీడీఎస్ (చెల్లించేవారే ముందుగా కట్ చేసే పన్ను) తేడాల దగ్గర. ఇంటిమేషన్‌లో రెండు నిలువు వరుసలుంటాయి: మీరు రిటర్నులో ఇచ్చిన అంకె ఒకదాంట్లో, 143(1) కింద వాళ్లు లెక్కించిన అంకె రెండోదాంట్లో. పైనుంచి కిందికి వేలు పెట్టి చూసుకుంటూ రండి. ఆదాయం కలిసింది, తగ్గింపులు కలిశాయి, పన్ను కలిసింది. టీడీఎస్ దగ్గర మీది 48,000, వాళ్లది 36,000. ఇప్పుడు 26ఏఎస్ (మీ పాన్ మీద జమైన పన్ను పట్టిక) తెరవండి. అదే టాన్ (పన్ను కట్ చేసినవారి నంబరు) కింద మూడు త్రైమాసికాలే కనిపిస్తాయి. నాలుగోదానికి కట్ చేసినవారు స్టేట్‌మెంట్ వేయలేదు, లేదా మీ పాన్‌లో ఒక అక్షరం తప్పు వేశారు. ఆ 12,000 తేడా, దానిమీద వడ్డీ కలిసి మీకు డిమాండ్‌గా వచ్చాయి.

దీనికి హెల్ప్‌లైన్ ఏం చేయగలదు? ఏమీ చేయలేదు. డబ్బు కట్ చేసిన యజమానో, కంపెనీయో జీతమైతే 24క్యూ, మిగతా చెల్లింపులైతే 26క్యూ సవరణ స్టేట్‌మెంట్ వేయాలి. ఫోన్ చేయాల్సింది వాళ్ల అకౌంట్స్ విభాగానికి, తర్వాత అదే మాట ఈమెయిల్‌లో. 26ఏఎస్‌లో ఆ 12,000 కనిపించాకే పోర్టల్‌లో రెక్టిఫికేషన్ తెరిచి రీప్రాసెస్ ఎంచుకోండి. ఆత్రపడి ముందే పెడితే సిస్టమ్ పాత డేటాతోనే లెక్కగట్టి అదే డిమాండును మళ్లీ పంపుతుంది. రిటర్నులో మీరే టాన్ తప్పు రాసి ఉంటే మాత్రం రీప్రాసెస్ కాదు, ట్యాక్స్ క్రెడిట్ తేడా సవరణ ఎంచుకోవాలి.

గడువుకాపరి

అసలు ప్రమాదం ఎవరూ చెప్పలేదు. ఫోన్ చేశామన్న తృప్తిలో గడువులు దాటిపోతున్నాయి. హెల్ప్‌లైన్‌తో మాట్లాడినంత మాత్రాన ఏ గడువూ ఆగదు.

143(1)(ఎ) కింద ప్రతిపాదిత సర్దుబాటు (రిటర్నులో మీ అంకె మారుస్తామన్న సమాచారం) అని వస్తే జవాబుకు 30 రోజులు. ఇవ్వకపోతే వాళ్ల అంకె ఖాయమవుతుంది. ఇంటిమేషన్‌లో బాకీ తేలితే కట్టడానికి 30 రోజులు, దాటితే 220(2) కింద నెలకు 1 శాతం వడ్డీ. ఆ ఇంటిమేషన్ మీద అప్పీలుకూ 30 రోజులే, ఫారం 35లో. రెక్టిఫికేషన్‌కు మాత్రం ఆర్డరు వచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిశాక 4 ఏళ్లు ఉన్నాయి. ఈ నాలుగేళ్లు చూసి జనం నిశ్చింతగా ఉంటారు. రెక్టిఫికేషన్ పెట్టినంత మాత్రాన అప్పీలు గడువు ఆగదు. రికార్డులో కళ్లకు కట్టినట్టున్న పొరపాటుకే 154. చట్టం అన్వయం మీద వివాదమైతే అప్పీలుకే వెళ్లాలి.

ఇంకోటి. పెండింగ్ యాక్షన్స్‌లో అవుట్‌స్టాండింగ్ డిమాండుకు జవాబివ్వమని ఉంటుంది. అందులో "డిమాండ్ సరైనదే" అని ఒకసారి సమర్పిస్తే తర్వాత ఒప్పుకోనంటానికి వీల్లేదు. ఫోన్‌లో ఎవరో "ఏదో ఒకటి సబ్మిట్ చేయండి" అన్నారని అది నొక్కకండి.

పై సెక్షన్లన్నీ 1961 చట్టానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 చట్టం అమల్లోకి వచ్చినా, 2025-26 వరకు సంపాదించిన ఆదాయానికి పాతదే వర్తిస్తుంది.

నిలువుగీత

గడువుల మాట నూటికి నూరుపాళ్లు నిజం. అయినా పద్దుపుస్తకం గారి "అసలు వద్దు" అన్నది నాకు మింగుడుపడటం లేదు. పోర్టల్‌లోకి వెళ్లగలిగినవాళ్లకే ఆ సలహా. ఆధార్‌కు లింకైన నంబరు పోయి ఓటీపీ రాని పెన్షనరు ఏ మెనూ తెరుస్తారు? రిటర్ను వేసిన 30 రోజుల్లో ఈ-వెరిఫై చేయాలి. అది ఆగిపోతే, సంతకం పెట్టిన ఐటీఆర్-వీని (రిటర్ను ధ్రువీకరణ పత్రం) బెంగళూరులో రిటర్నులు ప్రాసెస్ చేసే కేంద్రం సీపీసీకి స్పీడ్‌పోస్టులో పంపే దారి ఉందన్న సంగతి చెప్పడానికైనా ఒక మనిషి గొంతు కావాలి. ఆ గొంతును దండగ అనడం అన్యాయం.

పద్దుపుస్తకం

లాగిన్, ఓటీపీ, ఈ-వెరిఫికేషన్‌లకు ఫోన్ చేయండి, అక్కడ వాదన వదులుకుంటున్నాను. లెక్క దగ్గర మాత్రం లేదు. దానికి పోర్టల్‌లో గ్రీవెన్స్ (ఫిర్యాదు) పెట్టాలి, పెట్టేటప్పుడు విభాగం ఎంచుకోవాలి: ప్రాసెసింగ్ అయితే సీపీసీ-ఐటీఆర్, టీడీఎస్ స్టేట్‌మెంట్ అయితే సీపీసీ-టీడీఎస్, మీ కేసు మీద హక్కులు అధికారికి బదిలీ అయ్యాయని కనిపిస్తే ఏవో (అసెసింగ్ ఆఫీసర్). మీ పరిధి అధికారి ఎవరో "నో యువర్ ఏవో"లో పాన్ కొట్టి చూడొచ్చు. తప్పు విభాగానికి పెడితే "మా పరిధి కాదు" అని మూసేస్తారు. ఒక ఫిర్యాదులో ఒకే విషయం, ఇంటిమేషన్‌లోని డిన్ (పత్రం గుర్తింపు సంఖ్య), తేడా ఉన్న గడి, రెండు అంకెలు, 26ఏఎస్ పేజీ. ఆవేదన రాయకండి, అంకె రాయండి. చూడకుండానే మూసేశారనిపిస్తే కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌కు వెళ్లండి. అక్కడ పరిష్కారానికి 21 రోజులు పెట్టుకున్నారు, నచ్చకపోతే అప్పీలూ ఉంది.

టీడీఎస్_ఆరా

చిన్న హెచ్చరిక. మీరు ఫోన్ చేయడం వేరు, వాళ్లు మీకు ఫోన్ చేయడం వేరు. "మీ రిఫండ్ ఆమోదమైంది, ఓటీపీ చెప్పండి" అంటే పెట్టేయండి. 2019 అక్టోబర్ 1 నుంచి శాఖ పంపే నోటీసులు, ఆర్డర్లకు డిన్ ఉండాలి. లాగిన్ అవకుండానే పోర్టల్‌లో దాన్ని సరిచూసుకోవచ్చు.

నిలువుగీత

నోటీసుకు డిన్ తప్పనిసరి చేయగలిగిన శాఖ, హెల్ప్‌లైన్‌లో మాకు చెప్పిన మాటను కూడా నంబరు వేసి, రెండు వాక్యాల్లో రిజిస్టర్డ్ ఈమెయిల్‌కు పంపాలి. అది వచ్చేదాకా కాల్ పెట్టేసిన వెంటనే తేదీ, సమయం, అడిగింది, చెప్పింది రాసుకుని, గ్రీవెన్స్ మొదటి వాక్యంగా అదే పెట్టమంటాను. పద్దుపుస్తకం గారికి దీనికైనా అభ్యంతరం ఉందా?

పద్దుపుస్తకం

రాసుకోవడానికి లేదు. మొదటి వాక్యంగా పెట్టడానికి ఉంది. మొదటి వాక్యంలో తేడా అంకె ఉండాలి, కాల్ సంగతి చివర రాయండి.