పది రూపాయల నోటు చెల్లుతుంది, పది రూపాయల బిళ్ళ ఎందుకు చెల్లదు?

కడప కుర్రోడు:
నిన్న పొద్దున ఏడురోడ్ల దగ్గర టీ తాగి పది రూపాయల బిళ్ళ ఇస్తే అంగడాయన అటూ ఇటూ తిప్పి చూసి "ఇది చెల్లదబ్బా, నోటియ్యి" అన్నాడు. మధ్యలో చినిగి టేపు అతికించిన నోటు తీసిస్తే మారు మాట్లాడకుండా గల్లాలో వేసుకున్నాడు. ఇంకోటి, మా అవ్వ చీరల పెట్టె అడుగున పాత ఐదువందల నోట్లు ఆరు బయటపడ్డాయి. 2016కి ముందు ఎప్పుడో దాచి మరిచిపోయిందంట. ఫెళఫెళలాడుతున్నాయి, కానీ వాటికి పైసా రాదు. విలువ కాగితంలోనూ, లోహంలోనూ లేకపోతే ఇంకెక్కడుంది? ప్రతి నోటుకీ సరిపడా బంగారం రిజర్వు బ్యాంకులో ఉంటుందని బళ్ళో చెప్పినట్టు గుర్తు.

ప్రొద్దుటూరోడు:
బంగారం అంగళ్ళ మధ్య పెరిగినోణ్ణి, నేనూ చాన్నాళ్ళు అట్లే అనుకున్నా. కాదు. 1957 నుంచి చట్టం ప్రకారం రిజర్వు బ్యాంకు దగ్గర కనీసం ఉండాల్సింది 200 కోట్ల నిల్వ, అందులో బంగారం 115 కోట్లది. బయట తిరుగుతున్న నోట్ల విలువేమో 30 లక్షల కోట్ల రూపాయలకు పైనే. వాటి వెనక విదేశీ బాండ్లు (అప్పు పత్రాలు), మన ప్రభుత్వ బాండ్లు కూడా ఉంటాయిలే, అయితే నువ్వు నోటు పట్టుకుపోయి అడిగితే అవేవీ ఇవ్వరు. డాలరుకున్న బంగారం ముడిని కూడా అప్పటి అమెరికా అధ్యక్షుడు నిక్సన్ 1971 ఆగస్టు 15న తెంపేశాడు. 1991లో మన దేశం టన్నుల కొద్దీ బంగారం విదేశాల్లో కుదువ పెట్టింది, ఆ రోజు కూడా ఇక్కడ పది నోటు పది నోటుగానే నడిచింది.

అనంతపురం లెక్కల అయ్యవారు:
నోటు మీద ఇంగ్లీషులో, హిందీలో ఉన్నది చదువు నాయనా. ఇది తెచ్చినవాళ్ళకు ఇంత సొమ్ము చెల్లిస్తానని రిజర్వు బ్యాంకు గవర్నరు సంతకం పెట్టి ఉంటాడు. అంటే మన పల్లెల్లో అప్పుకు రాసుకునే ప్రోనోటు లాంటిదే, కాకపోతే బాకీ తీర్చమని పోతే ఇంకో నోటో బిళ్ళలో చేతిలో పెడతారు. (ఒక్క రూపాయి నోటు మీద ఆ మాట కూడా ఉండదు, దాన్ని ప్రభుత్వమే వేస్తుంది, సంతకం ఆర్థిక శాఖ కార్యదర్శిది.) మీ అవ్వ నోట్ల కథ ఏమంటే, 2017లో చట్టం చేసి వాటి మీద రిజర్వు బ్యాంకుకు బాధ్యత లేకుండా చేశారు. ప్రోనోటు కొట్టేసినట్టన్నమాట. పదికి మించి ఉంచుకుంటే నేరం, ఆరే కదా, అవ్వను టెన్షన్ పడొద్దను.
సరే, మాట ఇచ్చినంత మాత్రాన ఎవరు నమ్ముతారు? ఇంటి పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు, అన్నీ రూపాయల్లోనే కట్టించుకుంటారు కాబట్టి రూపాయి అందరికీ కావాల్సిందే. ఇక దానితో ఎన్ని శెనక్కాయలొస్తాయి అనేది వేరే లెక్క, సరుకు పెరక్కుండా నోట్లు మాత్రం గుద్దుకుంటూ పోతే ధరలు ఆకాశానికెక్కి జింబాబ్వే అవుతుంది. 2009లో అక్కడ ఒక్క నోటు మీద 100 లక్షల కోట్ల జింబాబ్వే డాలర్లని అచ్చేశారు.

ఆదోని పత్తి యార్డు:
బిళ్ళ చెల్లుతుంది బ్రో. పది గీతలుంటే అసలుది, పదిహేను గీతలుంటే దొంగది అని ఎవరో పుట్టించారు, అది పట్టుకుని ఊరంతా తిరుగుతోంది. పద్నాలుగు డిజైన్లూ చెల్లుతాయని 2018 జనవరిలో రిజర్వు బ్యాంకే ప్రకటించింది. వినేదెవరు? అదే రూపాయి చిల్లర బదులు చాక్లెట్ చేతిలో పెడితే మాత్రం నోరు మూసుకుని తీసుకుంటాం, దాని మీద ఏ గవర్నరు సంతకం ఉందో మరి.

కడప కుర్రోడు:
ఈ పొద్దున మళ్ళీ పోయి ఆ ప్రకటన ఫోన్‌లో చూపించినా. "నాకేమబ్బా, తీసుకుంటా, మా పాలాయన తీసుకోడే" అన్నాడు. పాలాయన అక్కడే ఉంటే అడిగినా, వాళ్ళ ఊరి అంగట్లో తీసుకోరంట. ఆ ఊరి దాకా పోయే ఓపిక లేక టీకి ఫోన్‌పే కొట్టినా. నా దగ్గర ఇంకా పన్నెండు బిళ్ళలున్నాయి, ఆదివారం మా తమ్ముడు బెంగళూరు పోతాడు, వాడికిచ్చి పంపిస్తా. అక్కడ తీసుకుంటారంట.