సమస్య: “నవ్వుల రాణి యేడ్చినది నాటకమందున నవ్వువేళలో”

నిర్వాహకుడు: మిత్రులకు నమస్కారం. ఈ వారం పాదం ఉత్పలమాల, ప్రాస ద్విత్వ వకారం. నవ్వుల రాణి అంటే లండన్ డ్రూరీ లేన్ నాటకశాల నటి డొరొతియా జోర్డన్ (1761–1816). ఐర్లండ్‌లో రంగమెక్కి, 1782లో సముద్రం దాటి ఇంగ్లండ్‌లోని లీడ్స్ చేరింది. జోర్డన్ నది దాటినట్టు దాటావు గనక అదే నీ పేరు అన్నాడట అక్కడి నాటక సమాజం యజమాని. 1785లో డ్రూరీ లేన్‌కు వచ్చింది. మరుసటేడే చిత్రకారుడు హాప్నర్ ఆమెను హాస్యదేవతగా బొమ్మ గీశాడు. రాజకుమారుడైన క్లారెన్స్ డ్యూక్ విలియమ్‌తో ఇరవయ్యేళ్ల కాపురం, పదిమంది పిల్లలు. పెళ్లికి మాత్రం, రాజు అనుమతి ఉండాలనే రాజకుటుంబ వివాహ చట్టం అడ్డు.

ఇక పాదంలోని ఘట్టం. 1811 అక్టోబరులో చెల్టెనంలో ఆడుతుండగా డ్యూక్ ఉత్తరం వచ్చింది, విడిపోదామని. అయినా ఆమె వేషం మానలేదు. చెప్పులు కుట్టేవాడి భార్య నెల్ పాత్ర. ‘మంత్రగాడు నీకు నవ్వుమత్తు ఎక్కించాడే’ అని ఎదుటి నటుడు అనగానే ఆమె పగలబడి నవ్వాలి. నోరు తెరిస్తే ఏడుపు వచ్చింది. ఆ నటుడు అక్కడికక్కడే ‘ఏడుపుమత్తు’ అని మాట మార్చి ఆమెను కాచుకున్నాడని చెబుతారు.

గౌతమి:
ఎవ్వని పంచ నిర్వదియు నేండ్లు వసించెను కూర్మి, బిడ్డలన్
పువ్వుల రీతి బెంచినది పొందిక మీరగ, నా ప్రియుండిటుల్
రవ్వయు జాలి లేక యొక రాతను బంపగ, గుండె చీలగన్
నవ్వుల రాణి యేడ్చినది నాటకమందున నవ్వువేళలో

నిర్వాహకుడు: అమ్మా, మూడో పాదం చదివి కాసేపు ఆగిపోయాను. ‘గుండె చీలగన్’ దగ్గర సమస్య దానంతటదే విడిపోయింది. మొదటి పాదంలో ‘ఇర్వదియు’లోని ‘యు’ గణం కోసం వచ్చింది. అది చిన్న మాట. నన్ను బాధపెట్టింది ‘పంచ’. ఆమె ఎవరి పంచనా బతకలేదమ్మా. కడుపుతో ఉండి కూడా ఊరూరా ఆడింది, అప్పుల్లో ఉన్న డ్యూక్‌కు తన సంపాదనలోంచి ఇచ్చింది. ఎవరు ఎవరిని పోషిస్తున్నారని ఆనాటి వ్యంగ్యచిత్రకారులే ఎగతాళి చేశారు. ఇలా చూడండి:
ఎవ్వని తోడ నెయ్యమున నిర్వది యేండ్లు మెలంగి, బిడ్డలన్

గౌతమి: ధన్యవాదాలు గురువుగారూ. ‘పంచ’ అలవాటుగా వచ్చేసింది. రాజు, నటి అనగానే చేయి అటే పోయింది. మార్చుకున్నాను.

మధుకరం:
చివ్వున లేఖ వచ్చెనట చెల్టెనమందున చేటు తెల్పుచున్,
దివ్యపు వేషమందు తన దీనత దాచగ నెంతొ జూచినన్,
నవ్వుమటంచు పాత్రమును నాటకకర్త వచింప, నయ్యయో
నవ్వుల రాణి యేడ్చినది నాటకమందున నవ్వువేళలో

గౌతమి: మధుకరం గారూ, ‘నవ్వుమటంచు’ చాలా బాగుంది. రెండో పాదంలో ప్రాస తప్పింది, ‘వ్య’ వేరు, ‘వ్వ’ వేరు. పైగా నెల్‌ది పేదింటి ఇల్లాలి వేషం, దివ్యం కాదు కదా.

నిర్వాహకుడు: నిజమే. ఇలా అంటే?
ఎవ్వరికిన్ గనంబడక యేడ్పును దాచగ నెంత జూచినన్

మధుకరం: నా పద్యానికి లేని గొంతు వచ్చింది గురువుగారూ. ఒక సందేహం. ఆ తర్వాత ఆమె మళ్లీ ఆడిందా?

నిర్వాహకుడు: ఆడింది. విడిపోయాక డ్యూక్ తరఫున ఏటా 4,400 పౌన్లు ఇస్తామన్నారు. రంగమెక్కితే మాత్రం ఆడపిల్లలు తండ్రి దగ్గరికి పోవాలని షరతు. అల్లుడి అప్పు తీర్చడానికి ఎక్కింది, పిల్లల్ని పోగొట్టుకుంది. 1816లో పారిస్ దగ్గర సాన్ క్లూలో పోయింది. 1830లో గద్దెనెక్కిన విలియమ్, మరుసటేడు శిల్పి చాంట్రీకి ఆమె పాలరాతి విగ్రహం పురమాయించాడు, పక్కన ఇద్దరు బిడ్డలతో.

గౌతమి: గురువుగారూ, వచ్చే వారం పాదం ఆ రాతి బిడ్డల మీద ఇవ్వండి.