అప్‌డేట్: సగటు నొప్పి స్కోరు చాలదా అని అడిగాను

నొప్పి మందు ట్రయల్‌లో రెండు గ్రూపుల సగటు స్కోర్లు పోలిస్తే చాలదా అన్నది నా ప్రశ్న. చాలదని ఇప్పుడు అర్థమైంది. కొందరికి బాగా తగ్గుతుంది, కొందరికి దాదాపు తగ్గదు. సగటు దగ్గర ఉండేవాళ్లు తక్కువ. అందుకే కనీసం సగం నొప్పి తగ్గినవాళ్లను లెక్కపెట్టమని నా ప్రశ్నకు జవాబిచ్చారు మీరు. వైద్య పరిశోధనలను కలిపి సమీక్షించే కాక్రేన్ సంస్థ 2009 సమీక్షలో, ఆపరేషన్ తర్వాత ఐబుప్రొఫెన్ 400 మి.గ్రా. వేసుకున్నవాళ్లలో 54 శాతానికి, ప్లసీబో (మందు లేని ఉత్తుత్తి మాత్ర)తో 14 శాతానికి అలా తగ్గింది. తేడా 40, 100ని 40తో భాగిస్తే 2.5. అదనంగా ఒక్కరికి ఉపశమనం కలగాలంటే సగటున ఇంతమందికి మందు ఇవ్వాలి. అంటే ఐదుగురికి ఇస్తే అదనంగా ఇద్దరికి ఉపశమనం. ఎంత స్పష్టంగా ఉందో!

మధ్యలో మానేసినవాళ్ల చివరి స్కోరునే కొనసాగించడం మాత్రం ఆపేశాను. దుష్ప్రభావాలు తట్టుకోలేక వెళ్లిపోయిన మనిషిని మందు పనిచేసిన లెక్కలో రాయడం అన్యాయం. వాళ్లకు మందు మొదలుపెట్టకముందు ఉన్న స్కోరే పెట్టి మళ్లీ లెక్కిస్తున్నాను.