ఉగాది భోజనాలు: ప్లాస్టిక్ తగ్గించాలి, అన్నం పారబోయకూడదు

భోజనాల కోఆర్డినేటర్:
అందరికీ నమస్కారం. ఇప్పటికి పేర్లు ఇచ్చినవాళ్లు పెద్దలు 160, పిల్లలు 70. పిల్లల్ని సగం లెక్క వేసుకుంటే 195 భోజనాలు. దీని మీద ‘ఎందుకైనా మంచిది’ అని ఎవరూ ఏమీ కలపొద్దు. మనముండే ఇంగ్లండ్‌లో 2023 అక్టోబర్ 1 నుంచి దుకాణాలు, క్యాటరర్లు వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గిన్నెలు, స్పూన్లు ఇవ్వడానికి లేదు కాబట్టి ఆ గొడవ లేదు. చెరుకుపిప్పి ప్లేట్లు కొంటున్నాం. కంపోస్టబుల్ అని రాసి ఉండే మొక్కజొన్న ప్లాస్టిక్ స్పూన్లూ ఆ నిషేధం కిందికే వస్తాయి. మనం ఇంకా తగ్గించాల్సిన ప్లాస్టిక్ ఏమిటంటే క్లింగ్ ఫిల్మ్ (గిన్నెల మీద చుట్టే పల్చటి ప్లాస్టిక్), నీళ్ల బాటిళ్లు, పచ్చడి పోసే మూత కప్పులు, గ్లవ్స్, వీటన్నిటినీ మించి చివర్లో కూరలు కట్టి ఇచ్చే డబ్బాలు. డబ్బాలు తగ్గాలంటే వంట లెక్క దగ్గరే తగ్గాలి. వంట వాళ్లు కాస్త చెప్పండి.

వంట టీమ్:
పులిహోర ఉంది కాబట్టి తెల్లన్నానికి మనిషికి 75 గ్రాముల బియ్యం చాలు, మొత్తం 15 కిలోలు. పులిహోరకి 45 గ్రాముల చొప్పున 9 కిలోలు. కందిపప్పు 6 కిలోలు. వంకాయలు 20 కిలోలు. గారెలు పెద్దలకి రెండు, పిల్లలకి ఒకటి, అంటే 390. కిలో మినప్పప్పుకి 60 వస్తాయనుకుంటే ఆరున్నర కిలోలు నానబోయాలి. బొబ్బట్లు తలా ఒకటి.

15 కిలోల బియ్యం ఒకేసారి వార్చేయొద్దు, మిగులంతా అక్కడే పుడుతుంది. మొదటి బంతికి 8 కిలోలు. ఆ బంతిలో సాంబారు వడ్డన మొదలవగానే ఇంకో 4 కిలోలు పొయ్యి మీద పెట్టాలి. బియ్యం ముందే నాని, ఎసరు మరుగుతూ ఉంటే 40 నిమిషాల్లో చేతికొస్తుంది. చివరి 3 కిలోలు రెండో బంతి కూర్చున్నాక గిన్నె చూసి నిర్ణయిద్దాం. అందుకే వాటిని ముందే కడిగి నానబెట్టొద్దు. పొడి బియ్యం తిరిగి సంచిలోకి పోతుంది, వండిన అన్నానికి ఆ దారి లేదు.

సరుకుల కొనుగోలు:
పెరుగు సంగతి తేల్చండి. ఇంట్లో తోడు పెడితే ప్లాస్టిక్ ఉండదని కొందరు అంటున్నారు. 20 లీటర్ల పాలంటే ఇక్కడ నాలుగు పింట్ల (రెండుంపావు లీటర్ల) ప్లాస్టిక్ బాటిళ్లు తొమ్మిది. క్యాటరింగ్ పెరుగు 10 కిలోల బకెట్లు రెండే. పైగా మార్చి చలికి అంత పాలు ఒకేలా తోడుకోవు. నా ఓటు బకెట్లకే.

వంట టీమ్:
బకెట్లే మంచిది. ఖాళీ అయ్యాక ఒకటి కూరగాయల తొక్కలకి, ఒకటి ఎంగిలికి. రెండో బకెట్ మూత మాత్రం అవసరం పడేదాకా తీయొద్దు.

వడ్డన టీమ్:
ఉగాది పచ్చడికి మూత కప్పులు వద్దంటే ఎలా? తీర్థంలా చేతిలో పోద్దామా?

భోజనాల కోఆర్డినేటర్:
చేతిలో వద్దండీ. బెల్లం, చింతపండు నీళ్లు వేళ్ల మధ్య నుంచి కారి పట్టుచీరల మీద పడతాయి. మడతల కాగితం కప్పుల్లో ముందే పోసి పేర్చినా పావుగంటకి అడుగు నానిపోతుంది. చిన్న స్టీలు గిన్నెలు 80 ఉంటే తిప్పుకోవచ్చు: ట్రేలో ఖాళీ గిన్నెలు, పక్కన పది లీటర్ల గిన్నెలో పచ్చడి, అడిగినవాళ్లకి అప్పుడే పోయడం. తలా 30 మిల్లీలీటర్లు, మొత్తం 7 లీటర్లు. మామిడి ముక్కలు అడుగుకి చేరతాయి, ఎండు వేపపువ్వు పైన తేలుతుంది. ప్రతిసారీ అడుగు నుంచి కలిపి పోయకపోతే మొదట వచ్చినవాళ్లకి చేదే దక్కుతుంది.

హాల్ బాధ్యులు:
వంటింట్లో డిష్‌వాషర్ ఉంది, చివరి కడుగు నీళ్లు 82 డిగ్రీలు చేరాలి. ఒక రాక్‌లో 25 స్టీలు గ్లాసులు పడతాయి. 120 గ్లాసులైతే ఐదు రాక్‌లు, రెండు బంతుల మధ్య అరగంటలో అయిపోతాయి. కుళాయి నీళ్లే జగ్గుల్లో పెడదాం. బల్లలు తుడిచేవే కాబట్టి ప్లాస్టిక్ రోల్ పరవక్కర్లేదు.

ఇంకో మాట, చెరుకుపిప్పి ప్లేట్లు ఫుడ్ వేస్ట్ బిన్‌లో వేయకండి. ఇక్కడ చెత్త తీసుకెళ్లే చాలా స్థానిక కౌన్సిళ్ల ఫుడ్ వేస్ట్ బయోగ్యాస్ ప్లాంట్లకి పోతుంది, అక్కడ ప్లేట్లని ఏరి పక్కన పడేస్తారు. ఎంగిలి బకెట్‌లోకి దులిపి, ప్లేటు మామూలు బిన్‌లో వేయాలి.

వంట టీమ్:
క్లింగ్ ఫిల్మ్ అసలు తేవొద్దు. వేడి గారెల మీద చుడితే ఆవిరి నీళ్లై వాటి మీదే పడి మెత్తబడతాయి. తడి పిండిన పల్చటి గుడ్డ చాలు. పులిహోర, సాంబారు మీద ఫాయిల్ కూడా వద్దు. చింతపండు పులుపు, ఉప్పు కలిసి అల్యూమినియాన్ని తినేస్తాయి. తగిలిన చోట నల్లబడి, సన్నటి చిల్లులు పడతాయి. మూత ఉన్న స్టీలు ట్రేలే వాడదాం. బొబ్బట్ల మధ్య బటర్ పేపర్, తీయడానికి పటకారు. గరిటె పట్టుకున్న చేతికి గ్లవ్స్ అక్కర్లేదు. వేసుకున్నవాళ్లు అదే చేత్తో ఫోనూ తీస్తారు, చెయ్యి మాత్రం కడగరు.

వడ్డన టీమ్:
బఫే కన్నా బంతే నయం. 25 మందికి ఒక్కో వంటకానికి ఒకరు. మొదటి వడ్డనలో చిన్న గరిటెడే, మారు రెండుసార్లు అడగాలి. పిల్లల ప్లేట్లో తల్లిదండ్రులు చెప్పినంతే. ‘ఇంకొంచెం వేసుకోండి’ అనే మర్యాద ఈ ఒక్కరోజుకి మానుకుందాం.

మిగిలితే?

భోజనాల కోఆర్డినేటర్:
రమ్మనే మెసేజ్‌లోనే ‘ఇంటికో మూత డబ్బా తెచ్చుకోండి’ అని రాస్తాను. ఇచ్చేది 63 డిగ్రీల పైన వేడిగా ఉంచిన పప్పు, కూర, సాంబారు. పొయ్యి దిగిన టైము ట్రే మీద కాగితం టేపుతో రాయండి. ఆ వేడి తగ్గాక రెండు గంటలు దాటితే ఎవరికీ ఇవ్వం. తెల్లన్నం మరీ జాగ్రత్త, ఉడికినా చావని బ్యాక్టీరియా బీజాలు గోరువెచ్చని అన్నంలో పెరిగి విషం వదులుతాయి, మళ్లీ వేడి చేసినా అది పోదు. వెడల్పు ట్రేలో పల్చగా పరిచి గంటలోపు చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టగలిగితేనే ఇద్దాం, 24 గంటల్లో తినేయాలని చెప్పి మరీ. అలర్జీ ఉన్నవాళ్ల కోసం, వేసి ఉంటే టేపు మీదే ఆవాలు, జీడిపప్పు, పాలు, గోధుమ కూడా రాయాలి. చాలా ఇంగువ డబ్బాల్లో గోధుమపిండి కలుస్తుంది, అది మర్చిపోవద్దు.

సరుకుల కొనుగోలు:
స్టీలు గిన్నెలు 80కి ఇప్పటికి 45 దొరికాయి. ఇంకో 35 ఎవరి దగ్గరున్నాయో చెప్పండి, అడుగున రంగు దారం కట్టి ఇస్తే ఎవరివి వాళ్లకి చేరతాయి.

హాల్ బాధ్యులు:
దారం డిష్‌వాషర్ జల్లెడలో చిక్కుకుంటుంది. నెయిల్ పాలిష్ చుక్క పెట్టండి.