సముద్రం అడుగు మట్టి వయసు లెక్క: మధ్యలో పొరలు పోతే ఎలా తెలుస్తుందండీ?

అందరికీ నమస్కారం, మాది పర్లాకిమిడి, మా మేనకోడలు బరంపురంలో జియాలజీ ఎమ్మెస్సీ చదువుతోంది, దానికి ప్రాక్టీసు లెక్క ఒకటి ఇచ్చారు, రెండ్రోజుల్నుంచి ఇద్దరం కుస్తీ పడుతున్నాం. సముద్రం అడుగున తవ్వి తీసిన మట్టి కోర్ (గొట్టంతో పొరలు చెదరకుండా తీసిన పొడవాటి మట్టి కడ్డీ), అందులో ఎమిలియానియా హక్స్‌లీ అనే నానోఫాసిల్ (సూక్ష్మదర్శినిలోనే కనపడే నాచు పెంకు శిలాజం) మొదట కనపడే చోటు (సుమారు 2 లక్షల 90 వేల ఏళ్ళు), దానికి 15 మీటర్ల కింద అలాంటిదే ఇంకోటి, సూడోఎమిలియానియా లాకునోసా, ఆఖరుసారి కనపడే చోటు (సుమారు 4 లక్షల 40 వేలు). అంటే లక్షన్నర ఏళ్ళకి 15 మీటర్లు, వెయ్యేళ్ళకి 10 సెంటీమీటర్లు. రంగు మారే పట్టీలేమో దగ్గరదగ్గర 4 మీటర్లకోటి, అంటే సుమారు 40 వేల ఏళ్ళకోటి వస్తున్నాయి, అది భూమి అక్షం వంపు మారే 41 వేల ఏళ్ళ చక్రమే కదా! ఇది తేలినప్పుడు ఇద్దరికీ ఒళ్ళు పులకరించింది.

ఇంతవరకూ బానే ఉంది. అసలు డౌటేంటంటే, మన బంగాళాఖాతంలో నదుల బురద ఒక్కోసారి ఏటవాలు మీంచి ఒక్కసారిగా జారి మీటర్ల కొద్దీ పేరుకుపోతుంది, కొన్నిచోట్ల పాత పొరలు కోసుకుపోతాయి కూడా, అలాంటప్పుడు ఒక పట్టీ మొత్తం మాయమైతే కనిపెట్టేదెలా? ఇంకోటి, పట్టీల్ని 41 వేలకి సరిపెట్టేసి, మళ్ళీ అందులో 41 వేల చక్రం దొరికిందంటే అది మనం పెట్టిందే మనకి దొరికినట్టు కాదా? ఫోరామినిఫెరా (పెంకులుండే చిన్న సముద్ర జీవులు) పెంకుల్లోని ఆక్సిజన్ ఐసోటోపులతో విడిగా సరిచూస్తారా, లేక అయస్కాంత ధ్రువాలు తిరగబడిన గుర్తులు చూస్తారా, ముందు ఏది చూడాలి? ఈ పని చేసినవాళ్ళెవరైనా కాస్త వివరంగా చెప్పండి, ప్లీజ్.