ఈ వారం సమస్య: బల్లి పసిడి యయ్యె బండ మీద

సమస్య అంటే ఇచ్చిన వింత పాదంతో ముగిసేలా మిగతా పద్యం రాయడం, దాన్నే పూరణ అంటారు. ఇచ్చింది ఆటవెలది అనే నాలుగు పాదాల పద్యానికి చివరి పాదం. షరతు ఒక్కటే, పద్యంలో మన కొండల్లోనో చేలల్లోనో నిజంగా బతికే ప్రాణి గానీ పువ్వు గానీ ఉండాలి, అది తన సహజమైన పనే చేయాలి. బల్లి నెత్తిన పడితే ఏమవుతుంది లాంటివి వద్దని ముందే చెప్పినా కొందరు అవే రాసి పంపారు, వాటిని పక్కన పెట్టేశాను. మిగతావి చూద్దాం.

చంద్రగిరి మాస్టారు:

తడిసినట్టి రాతి దరి చేరి రాతిరి
టార్చి వెలుగు పడగ డాలు మెరిసె
శేషగిరులలోన చిత్రము చూడరా
బల్లి పసిడి యయ్యె బండ మీద

టార్చికి డాలుతో యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో ఒక అక్షరంతో కుదరాల్సిన పొత్తు) కుదరడం భలే ఉంది మాస్టారూ. ఇంకొకరైతే టార్చికి యతి దొరక్క దివ్వె అని పాతకాలంలోకి పారిపోయేవాళ్ళు. మన కొండల్లోని బంగారు బల్లి (అదో బల్లి జాతి) ఉండే చోటు కూడా సరిగ్గా పట్టారు, వాగుల పక్కన తడి బండల సందుల్లో పగలంతా దాక్కుని రాత్రి బయటికొస్తుంది. 1870లో బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త బెడ్డోమ్ దీన్ని లోకానికి పరిచయం చేసింది తిరుపతి కొండల నుంచే (మన పేరిత చెట్టు శాస్త్రీయ నామం సైకస్ బెడ్డోమిలో ఉన్నదీ ఈయన పేరే). గుడ్లను రాతికి బంక పెట్టి అంటించినట్టు గుంపుగా పెడుతుంది, దాని మీద ఎవరూ రాయలేదేమిటో.

ఇక తప్పు పట్టాల్సింది మూడో పాదం. "చిత్రము చూడరా" అనేది ఉత్త పాదపూరణం, ఏ పద్యంలో పెట్టినా ఇమిడిపోతుంది. ఆ పసిడి రంగు ముఖ్యంగా జతకట్టే కాలంలో మగబల్లికి వచ్చేది, ఆడబల్లి గోధుమ రంగులోనే ఉంటుంది. అసలు కథ అక్కడుంటే మీరు దాన్ని వదిలేసి చూడరా అంటున్నారు. "చల్లగాలిలోన జతగూడు వేళలో" అని మార్చి చూడండి, చ-జ యతి చెల్లుతుంది, బల్లి పసిడి కావడానికి ఒక కారణమూ దొరుకుతుంది.

మాస్టారి జవాబు: "శేషగిరి పోతే దీన్ని తిరుపతి పద్యమని ఎవరంటారు నాయనా? నా పాదం నాకే ఉండనీ."

సరే, ఉండనీండి. మార్కు మాత్రం తగ్గుతుంది.

తిరుచానూరు అక్క:

కంచి కేల నాకు కాసులు దండుగ
తలుపు తీసి కొండ దారి పడితి
ఖర్చు లేదు క్యూల గలభాలు లేవురా
బల్లి పసిడి యయ్యె బండ మీద

కంచి వరదరాజస్వామి గుళ్ళో బంగారు బల్లిని తాకడానికి మన వైపు నుంచి బస్సులెక్కి పోయేవాళ్ళు అందరికీ తెలుసు కాబట్టి విడిగా చెప్పకుండానే నవ్వొచ్చింది. "లేదు" తర్వాత క్యూ అనే జంటక్షరం వచ్చింది కాబట్టి "దు" గురువు (రెండు మాత్రల అక్షరం) కాదా అని ఒకరు అడిగారు. కాదు, రెండూ వేరు వేరు మాటలు, సమాసం కాదు, అక్కడ లఘువే (ఒక మాత్రే). నా ఫిర్యాదు వేరే ఉంది అక్కా, పద్యమంతా మీరే నడిచారు, బల్లి ఏమీ చేయలేదు. షరతు సగమే తీరింది.

"కొండమీద దాన్నీ తాకొచ్చా అక్కా?" అని పీలేరు తమ్ముడు అడిగితే, "నేను దాన్ని తాకితే ఫారెస్టోళ్ళు నన్ను తాకుతారబ్బా" అంది. ఈ జవాబు పద్యంలోకి వచ్చుంటే ఎంత బాగుండేది!

ఇప్పుడు ఆ పీలేరు తమ్ముడి సంగతి. మొదట "తంగేడు పూలన్ని తలమీద రాలగా" అని మొదలుపెట్టాడు. పాడుకోవడానికి హాయిగా ఉంది గానీ ఆటవెలది మొదటి గణం (గురులఘువుల గుంపు) సూర్యగణం కావాలి, అంటే గలమో (గురువు, లఘువు) నగణమో (మూడు లఘువులు). తంగేడు అంటే రెండు గురువులు, ఒక లఘువు, తగణం, అది ఇంద్రగణం. బేసి పాదాల్లో నాలుగు, అయిదు స్థానాల్లో తప్ప ఆ పువ్వు ఎక్కడా పూయదు. ఆ మాట చెప్పాక గంటలోపే ఇది పంపాడు:

తట్టి లేపె గాలి తంగేడు కొమ్మను
పూల రేకు లన్ని పొర్లి పడగ
కదలలేదు పాపి కళ్ళైన మూయదు
బల్లి పసిడి యయ్యె బండ మీద

తంగేడు కరెక్టుగా నాలుగో గణంలో కూర్చుంది, త-త యతితో సహా. అందరూ బంగారు బల్లి కోసం కొండెక్కుతుంటే వీడు మామూలు బల్లిని తీసుకుని పూల రేకులతో పసిడి చేసేశాడు, నా దృష్టిలో పూరణంటే ఇదీ. పైగా "కళ్ళైన మూయదు" అన్నది అక్షరాలా నిజం, బల్లికి కదిలే కనురెప్పలుండవు, కంట్లో దుమ్ము పడితే నాలుకతో తుడుచుకుంటుంది. తెలిసి రాశావా తమ్ముడూ, తెలియక రాశావా? "తెలీదన్నా, మా బాత్రూంలో బల్లి అట్లే చూస్తా ఉంటాది" అన్నాడు.

"పాపి" బదులు "పాపం" అంటే జాలిగా ఉంటుందని అక్క సలహా. నిజమే, కానీ పాపం రెండు గురువులైపోతుంది, సూర్యగణం చెడుతుంది. పాపిగానే ఉండనిద్దాం.

పుత్తూరు అన్న ఎప్పటిలాగే క్రమాలంకారం, అంటే ముందు వరసగా ప్రశ్నలు, చివరి పాదంలో అదే వరసలో జవాబులు:

గోడ నెక్కు నేది? గొలుసున కేదగు?
వంట ముగిసినపుడు పలుకుటేమి?
బట్ట బాదు టెచట? పరుగున చెప్పరా!
బల్లి, పసిడి, యయ్యె, బండ మీద

"అయ్యె" అన్న మాటకి వంటింట్లో ప్రశ్న వెతకడం మాత్రం మీకే చెల్లింది అన్నా. గణాలూ యతులూ అన్నీ శుభ్రంగా ఉన్నాయి. అయితే ఇది సమస్యని విప్పడం కాదు, ముక్కలు చేసి తప్పించుకోవడం, ఏ సమస్య ఇచ్చినా మీరు ఇదే దారిలో పోతున్నారు. వచ్చే వారం క్రమాలంకారం బంద్.

ఈ వారం పీలేరు తమ్ముడిదే గెలుపు. మాస్టారిది రెండోది, మూడో పాదం మారిస్తే అప్పుడు మళ్ళీ మాట్లాడుకుందాం.

కొత్త సమస్య, మళ్ళీ ఆటవెలదే: "కాకి పిల్ల పాడెఁ గమ్మగాను". అందరూ కాకి గూట్లో కోకిల గుడ్డు దగ్గరికే పరిగెత్తుతారని తెలుసు, పోండి. కానీ కుహూ అని పాడేది నల్లటి మగకోకిల, గోధుమ రంగు మీద తెల్ల చుక్కలున్న ఆడది కిక్ కిక్ మని అరుస్తుందంతే. కాబట్టి "కోకిలమ్మ పాడె" అని రాసిన పద్యం చదవకుండానే వెనక్కి పంపుతాను. శుక్రవారం రాత్రిలోపు పంపండి.